దేవదానం గారి చెలమ

మొన్న ఉదయం మా క్వార్టర్స్ ఎదుట టీ కొట్టు ఆయన, గ్యాసు అయిపోయిందని, పొయ్యిలో ఎండు సరుగుడు పుల్లలు పెట్టి వెలిగించాడు. ఆ పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. సరుగుడు పొగలో ఒక పులుపు ఉంటుంది. ముక్కు దాటి గొంతులో కూచుంటుంది. దువ్వెన చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపు వస్తుందనుకున్నాను, కోపం వచ్చింది. దేవదానం గారు పోయి రెండేళ్లు కావస్తోంది. ఆయన గుర్తుకొచ్చిన ప్రతిసారీ నాకు ముందు వచ్చేది కోపమే. దుఃఖం ఆ తర్వాత ఎప్పుడో, తీరిగ్గా వస్తుంది. ఆయన్ని ఎరగని వాళ్లకి ఆయన గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఈ కోపం చల్లారాక రాద్దామని వాయిదా వేస్తూ వచ్చాను. అది చల్లారేది కాదని ఇప్పుడు తెలిసింది కనక దాంతోనే రాస్తున్నాను.

దేవదానం గారు రైల్వేలో కీమ్యాన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. కీమ్యాన్ అంటే రోజూ తన వంతు పట్టాల వెంట నడుస్తూ, వదులైన చోట బిగించుకుంటూ, ఎక్కడన్నా పట్టా చిట్లిందేమో చూసుకుంటూ పోయి, మళ్లీ అంత దూరమూ నడిచి వచ్చే ఉద్యోగి. సుత్తి, స్పానరు, జెండాలు భుజాన వేసుకుని ముప్పై ఏళ్లకు పైగా అలా నడిచారు. బిట్రగుంటలో రైల్వే కాలనీకి ఆనుకుని రెండు గదుల ఇల్లు కట్టుకుని భార్య మార్తమ్మ గారితో ఉండేవారు. పుట్టింది మాత్రం సముద్రం ఒడ్డు పల్లెలో. ఉద్యోగం చేసిన రోజుల్లో కూడా సెలవు దొరికితే, ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న కాలవ దాటి ఆ పల్లెలకి నడిచి వెళ్లేవారు. పాస్టరు రాని ఆదివారాల్లో అక్కడి చిన్న చిన్న మందిరాల్లో ప్రార్థన నడిపేది ఆయనే. ఒక పల్లెలో ప్రార్థన ముగించి ఇసుకలో నడిచి ఇంకో పల్లెకి, అక్కడినించి మరో పల్లెకి. ఇసకపల్లి నుంచి మైపాడు దాకా ఉన్న ఒడ్డంతా, సరుగుడు తోటలు, తాటి తోపులు, ఉప్పు కయ్యలు, ఏ దిబ్బ వెనక నీడ ఎన్ని గంటలకి పడుతుందో కూడా ఆయనకి అలా తెలిసింది. ఎవరో శిక్షణ ఇచ్చి నేర్పింది కాదు.

నాది కోవూరు. మా నాయనకి వరి మళ్లున్నాయి. నేను కెమిస్ట్రీ చదివి, ముత్తుకూరు దగ్గర కరెంటు ప్లాంటు లాబొరేటరీలో చేరాను. బాయిలరుకి పోయే నీళ్లలో ఉప్పు ఎంతుందో చూసి రాయడం నా పని. గాజు గొట్టాల మధ్య, మిషన్ల హోరు మధ్య ఏళ్లు గడిచాక ఒక రోజు నాకు ఊపిరాడనట్టయింది. అప్పుడే నెల్లూరులో కిరణ్ గారనే ఆయన నడిపే నడక క్లబ్బులో చేరాను. రెండు రోజులు ఒడ్డు వెంట నడిచి, రాత్రి బయటే పడుకుని రావడమని చెప్పారు. తెచ్చుకోవలసిన వస్తువులంటూ వాళ్లు పంపిన జాబితాలో ఉన్నవన్నీ కొన్నాను. దారి చూపించడానికి బిట్రగుంట నుంచి ఒక పెద్దాయన వస్తాడన్నారు. నాకు నడక కొత్త కాబట్టి ముందు ఆదివారం వెళ్లి ఆయన్ని కలిసి రమ్మన్నారు.

నేను ఆటో దిగి నా సంచి ఆయన అరుగు మీద దించాను. ఆయన ఒంటి చేత్తో దాన్ని ఎత్తబోయి, మళ్లీ కింద పెట్టి నా మొహం చూశారు.

"రెండు దినాలు నడవను పోతా ఉండావా పాపా, కాపరానికి పోతా ఉండావా?" అన్నారు.

సంచిలో ఉన్నవన్నీ తీయించి అరుగు మీద వరసగా పెట్టించారు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఇది లేకపోతే ఏమవుతుందని అడిగారు. గ్యాసు పొయ్యి లేకపోతే వేడి అన్నం ఉండదన్నాను. అటుకులూ బెల్లమూ తిన్న మనిషి రెండు రోజుల్లో చచ్చిపోయిందని ఎక్కడన్నా విన్నావా అన్నారు. టెంటు లేకపోతే వానకి తడుస్తానన్నాను. మాఘమాసంలో వాన ఏ మబ్బునించి పడుతుందో చూపించమన్నారు. మూడు రకాల టార్చి లైట్లు, మడత కుర్చీ, రెండో జత బూట్లు ఒక్కొక్కటే మార్తమ్మ గారి వైపు, గోడ పక్కకి వెళ్లిపోయాయి. ఆవిడ నవ్వుతూ వాటిని గోనెసంచిలో వేసింది. నాకూ హుషారు పుట్టింది. ఆయన మెచ్చుకుంటారని రెండు నీళ్ల సీసాల్లో ఒకటి నేనే తీసి పక్కన పెట్టాను. ఆయన నవ్వలేదు. సీసా తీసి మళ్లీ నా సంచిలో పెట్టారు.

"నీళ్లు బరువు గాదు పాపా. వాడకం తెలియకుండా మోసేదే బరువు. సంచిలో తగ్గించిందంతా తలకాయలో పెట్టుకోవాల. తలకాయలో లేకుండా సంచి తేలిక చేసినావనుకో, అది తెలివి గాదు, తెగింపు."

ఆయన సంచి పాత గొడుగుల గుడ్డతో కుట్టుకున్నది. నల్లగా, పలచగా, మడిస్తే జేబులో పట్టేది. అందులో ఒక ప్లాస్టిక్ పట్ట, మూర పొడుగు తువ్వాలు, చిన్న చాకు, మైనం పూసిన అగ్గిపెట్టె, సన్న తాడు, అటుకుల మూట, ఉప్పు పొట్లం, నీళ్లు, చిన్న బైబిలు, ఒక సత్తు గ్లాసు. అంతే. ఆ గ్లాసు ఎందుకని నేను అడిగాను. సీసాతోనే తాగొచ్చు కదా అన్నాను, ఆయన పాఠం ఆయనకే అప్పజెబుతున్నట్టు. అది వేరే సంగతి అన్నారు.

ఆ నడకలో నేర్చుకున్నంత నేను అంతకు ముందు పదేళ్లలో నేర్చుకోలేదు. పొద్దున నేల గాలి ఎటు వీస్తుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి ఎప్పుడు తిరుగుతుంది, ఆ తిరిగే గంటలో ఎందుకు నడవకూడదు చెప్పారు. తాటిచెట్టు కింద కాకుండా రెండు సరుగుడు వరసల మధ్య ఇసుక తోసి, భుజానికీ తుంటికీ పల్లం చేసుకుని, ఎండాకు పరిచి పడుకోవడం చూపించారు. ప్లాస్టిక్ పట్టని తాడుతో నాలుగు ముడులు వేసి గాలికి అడ్డంగా ఎలా కట్టాలో నా చేత మూడుసార్లు కట్టించారు. కానీ అన్నింటికన్నా నాకు నిలిచిపోయింది చెలమ.

చెలమ అంటే ఇసుకలో తవ్వే నీటి గుంట. ఒడ్డుకి ఇవతల, దిబ్బ వెనక, తుంగ పచ్చగా ఉన్న చోట ఆయన మోకాళ్ల మీద కూచుని చేతులతో తవ్వారు. మోచేయి లోతు వెళ్లేసరికి ఇసుక తడిసింది. ఇంకొంచెం తవ్వగానే నీళ్లు ఊరాయి. ఇంకా తవ్వితే ఇంకా వస్తాయి కదా అన్నాను. లోతుకి పోతే కింద ఉప్పు నీళ్లు తగులుతాయని, పైన తేలే వాన నీళ్లే మనవని చెప్పి, చెలమ దగ్గర ఆశ ఉండకూడదన్నారు. మొదట ఊరిన నీళ్లు తోడి పారబోశారు. తేరుకునేదాకా ఆగారు. అప్పుడు దోసిట్లో తీసుకుని నాలుక కింద పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మంచివే అన్నారు. నేను ఒక సీసా నింపుకుని వచ్చి మా లాబొరేటరీలో పెట్టి చూశాను. ఆయన నాలుక చెప్పిందే మిషను చెప్పింది. ఆ మాట ఫోను చేసి చెబితే, మీ మిషనుకి కూడా తెలిసిందా అని మాత్రం అన్నారు.

తర్వాత మూడు చలికాలాలు ఆయనతో నడిచాను. రెండో ఏడే ఒకచోట ఆయన చెలమ తవ్వి, నోట్లో పెట్టుకుని ఉమ్మేశారు. అవతల కొత్తగా రొయ్యల గుంటలు తవ్వి ఉప్పునీళ్లు నిలబెట్టారు. "పోయినేడు తాగినాం గదా అని ఈయేడు తాగతాననుకోబాక" అన్నారు నాతో. "ముందు దినం ఒకళ్లు వచ్చి తవ్వి, తాగి చూసి పోవాల. ఆ తర్వాతే మందిని తీసకరావాల. ఎండలు ముదిరినాక అసలు రానే రాకూడదు." ఆ రెండు మాటలూ ప్రతి నడకలోనూ చెప్పేవారు. వినీ వినీ నాకు విసుగొచ్చేటంతగా చెప్పేవారు.

ఇక్కడ మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే నాకు ఇతరుల మీద కోప్పడే అర్హత ఉండదు. నేను ఇలా ఒడ్డున పడి తిరుగుతున్నానని మా అమ్మకి బెంగ. ఎవరితో వెళుతున్నానో చూస్తే కుదుటపడుతుందని ఒకసారి దేవదానం గారిని కోవూరు తీసుకెళ్లాను. మా నాయన బాగానే మాట్లాడాడు. అమ్మ టీ పెట్టింది. మా ముగ్గురికీ స్టీలు గ్లాసుల్లో తెచ్చి, ఆయనకి మాత్రం గూట్లో విడిగా ఉండే పాత గ్లాసులో పోయబోయింది. నేను చూస్తూ ఉన్నాను. ఆయన లేచి, తన సంచిలోంచి సత్తు గ్లాసు తీసి అమ్మ ముందు పట్టారు.

"దీంట్లో పొయ్యమ్మా. నాది నా కాడ ఉంటాది" అన్నారు, మామూలుగా.

ప్రతి గుడ్డ పీలికనీ ప్రశ్నించే మనిషి ఆ గ్లాసుని ఎందుకు వదల్లేదో అప్పుడు తెలిసింది. ఆయన వెళ్లాక అమ్మతో పోట్లాడాను. వారం రోజులు మాట్లాడలేదు. కానీ ఆయన ఎదుట, మాట రావలసిన క్షణంలో, నోరు మూసుకునే ఉన్నాను. అది ఒకసారి అలవాటైతే మళ్లీ మళ్లీ వస్తుందని నాకు అప్పుడు తెలియదు.

మూడో ఏడు కిరణ్ గారికి ఒక ఆలోచన వచ్చింది. తక్కువ సామానుతో నడవడం మీద ఇప్పుడు కుర్రకారుకి మోజుగా ఉంది, మన ఒడ్డు మీద దానికో కోర్సు పెడదాం, ఒక చేతిపుస్తకం వేద్దాం అన్నారు. రాసే పని నాకిచ్చారు. నేను పొంగిపోయాను. ఆరు ఆదివారాలు బిట్రగుంట వెళ్లి, దేవదానం గారు చెబుతుంటే నోటుబుక్కులో రాసుకున్నాను. సంచి కుట్టే కొలతలు, తాడు ముడులు, గాలులు, చెలమలు ఉన్న చోట్లు, అన్నీ. మార్తమ్మ గారు మాకు చింతచిగురు పప్పుతో అన్నం పెట్టేది. చెలమల పేజీ చెబుతున్నప్పుడు ఆయన నా పెన్ను ఆపించి, ఆ రెండు మాటలూ ముందు రాయమన్నారు. పై వరసలో రాశాను.

అచ్చయి వచ్చిన పుస్తకంలో ఆ రెండు వాక్యాలూ లేవు. అడిగితే కిరణ్ గారు ఏమాత్రం తడబడలేదు. పిల్లలకి సెలవులు దొరికేదే ఎండాకాలంలో, మొదటి వరసలోనే భయపెడితే ఎవరు చేరతారన్నారు. అట్ట మీద క్లబ్బు పేరు ఉంది. చివరి పేజీలో సహకారం అని చిన్న అక్షరాల్లో నా పేరు ఉంది. దేవదానం గారి పేరు అట్ట నుంచి అట్ట దాకా ఎక్కడా లేదు. ఆయనకి సర్టిఫికెట్టు లేదు కదా, పేరు వేస్తే పుస్తకానికి విలువ తగ్గుతుందన్నారు. నేను ఏమన్నానో దాచకుండా చెబుతాను. సరే అన్నాను. అచ్చులో నా పేరు చూసుకోవడం నాకు అదే మొదటిసారి.

ఆ పుస్తకం తీసుకుని నేనే బిట్రగుంట వెళ్లాను. మార్తమ్మ గారు చేతులు తుడుచుకుని వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క పేజీ తిప్పి ఆయన పేరు ఎక్కడుందని అడిగింది. రెండోసారి అచ్చు వేసినప్పుడు వస్తుందన్నాను. అబద్ధం. ఆయన మాత్రం తన పేరు వెతకలేదు. తిన్నగా చెలమల పేజీ తీసి, వేలు పెట్టి చదివి, ఆ మాట ఏదీ అన్నారు. అది కూడా రెండోసారి వస్తుందన్నాను, నవ్వుతూ. ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చారు. ఆ చలికాలం నుంచి క్లబ్బు ఆయన్ని పిలవలేదు. ఎక్కడో నాలుగు రోజుల శిక్షణ పొంది సర్టిఫికెట్టు తెచ్చుకున్న ఒకతన్ని దారి చూపించడానికి పెట్టుకున్నారు. ఆయన మాటలు అచ్చేసిన పుస్తకంతోనే ఆయన అవసరం తీరిపోయింది.

మరుసటి మే నెలాఖరులో ఒక ఇంజనీరింగు కాలేజీ నుంచి పద్నాలుగు మంది పిల్లల్ని తీసుకుని క్లబ్బు నడకకి బయలుదేరింది. నేను వెళ్లలేదు, కోవూరులో ఇంట్లో ఉన్నాను. తేలిక నడక కాబట్టి తలా ఒక్క సీసా నీళ్లు చాలన్నారట, దారిలో చెలమలున్నాయి కదా, పుస్తకంలో గుర్తులు కూడా ఉన్నాయి కదా అని. ముందురోజు వెళ్లి చూసినవాళ్లు లేరు. మొదటి చెలమ ఉప్పు. రెండోది ఉప్పు. ఎండ నెత్తికెక్కేసరికి దాహం ఆగక పిల్లలు ఆ నీళ్లే తాగి వాంతులు చేసుకున్నారు. సౌజన్య అనే అమ్మాయి తాటి తోపులో పడిపోయింది. ఆ సర్టిఫికెట్టు అతను కిరణ్ గారికి ఫోను చేస్తే, కిరణ్ గారు నాకు చేశారు. ఆ ముసలాయన నంబరు నీ దగ్గర ఉంది కదా అన్నారు. ఆయన్ని ముసలాయన అనడం కూడా అప్పుడే విన్నాను.

నేను ఫోను చేస్తే దేవదానం గారు ఎవర్నీ తిట్టలేదు. ఏ తోపు, ఎంతమంది, ఆఖరిసారి నీళ్లు ఎప్పుడు తాగారు, ఈ మూడే అడిగారు. స్పృహ లేని పిల్ల నోట్లో నీళ్లు పోయొద్దని, తడిగుడ్డ కప్పి విసరమని అక్కడివాళ్లకి చెప్పించారు. పక్కింటి అబ్బాయి మోటారు సైకిలు మీద రెండు పెద్ద క్యాన్ల మంచినీళ్లతో కాలవ కట్ట దాకా వెళ్లారు. అక్కడి నుంచి ఇసుకలో బండి పోదు. సరుగుడు గడకు చెరొక పక్క క్యాను కట్టి, కావడి భుజాన వేసుకుని, ఆ ఎండలో ఒంటరిగా నడిచారు. జన్మంతా బరువు తగ్గించమని చెప్పిన మనిషి, అరవై ఏడేళ్ల వయసులో, నేను ఎరిగినంతలో ఎవరూ మోయనంత బరువు మోశారు. తోపులో కల్లు గీసే ఆయన చేత గెలలు దింపించి పిల్లలకి ముంజలు తినిపించారు. తన పట్టని రెండు గడలకి చుట్టి, దాని మీద ఆ అమ్మాయిని పడుకోబెట్టి మోయించుకొచ్చారు.

నేను చేరేసరికి అంబులెన్సు కట్ట మీద ఆగి ఉంది. వాళ్లు తోపులోంచి బయటికి వస్తున్నారు. ఆయన చొక్కా కుడి భుజం దగ్గర నెత్తురుతో అంటుకుపోయి ఉంది. పిల్లని ఎక్కించాక కట్ట మీద కూచుని, క్యాను అడుగున మిగిలిన నీళ్లు అప్పుడు తాగారు.

మర్నాడు పేపర్లో క్లబ్బు సభ్యుల సమయస్ఫూర్తి గురించి రాశారు. ఒక స్థానికుడు సాయం చేశాడని చివర్లో ఉంది. అదొక్కటే అయితే ఈ పాటికి మరిచిపోయేదాన్నేమో. రెండు వారాల తర్వాత కాలేజీ వాళ్లు విచారణ పెట్టారు. పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. పుస్తకం రాసినదానిగా నన్నూ పిలిచారు. దేవదానం గారిని కూడా రమ్మని కబురు చేస్తే, కృతజ్ఞతలు చెబుతారేమోనని మార్తమ్మ గారు ఇస్త్రీ చొక్కా వేసి పంపింది. ఆయన్ని గంటన్నర సేపు వరండాలో నిలబెట్టారు. లోపల కిరణ్ గారు లేచి, పుస్తకం తెరిచి చెలమల పేజీ చూపించి, ఈ సమాచారమంతా బిట్రగుంటకి చెందిన దేవదానం అనే వ్యక్తి ఇచ్చినదని, చదువులేని మనిషి మాట నమ్మడమే తమ పొరపాటని చెప్పారు. ఊరితో సహా, పేరుతో సహా చెప్పారు. అట్ట మీద పట్టని పేరు, ఆఖరి పేజీలో కూడా పట్టని పేరు, తప్పు మోయడానికి మాత్రం చక్కగా పట్టింది.

నేను లేచాను. నోటుబుక్కు తెచ్చుకున్నాను. ఆ పేజీ తీసి, పై వరసలో ఉన్న రెండు వాక్యాలూ చదివాను. అవి ఎవరు తీసేశారో, ఎందుకు తీసేశారో, నాతో ఏమన్నారో చెప్పాను. చెలమలు చూపించిన మనిషిని బయట నిలబెట్టి లోపల ఆయన మీద నేరం మోపడం సిగ్గుచేటని గట్టిగానే అన్నాను. ప్రిన్సిపాలు గారు అంతా విని, నిదానంగా, తీసేసినప్పుడు మీరెందుకు ఊరుకున్నారమ్మా అని అడిగారు. పుస్తకం చివర నా పేరు ఉందండీ అన్నాను. అంతకన్నా నిజమైన జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

అప్పుడు దేవదానం గారిని లోపలికి పిలిచారు. ఏమన్నా చెప్పుకుంటావా అన్నారు. ఆయన కుర్చీ పక్కన నిలబడే మాట్లాడారు.

"నా పేరు రాసుకున్నారు గదా సారూ. రాసుకున్నారు గాబట్టి దాని కింద ఈ మాట గూడా రాసుకోండి. ముందు దినం ఒక పెద్దమనిషి పోయి ఆ నీళ్లు తాగి చూడకుండా, ఎవురి బిడ్డల్నీ ఆ దారిన పంపించబాకండి. నేను చెప్పుకునేది అంతే."

అది రాసుకోలేదు. నెల తర్వాత ఇచ్చిన నివేదికలో, అనుకోని ఎండ తీవ్రత వల్ల ఈ ఘటన జరిగిందని, ఎవరి నిర్లక్ష్యమూ లేదని ఉంది. నెల్లూరు జిల్లాలో, రోహిణి కార్తెలో, ఎండ అనుకోనిదట. రోళ్లు పగిలే ఎండలని ముసలమ్మలు కూడా చెప్పే రోజుల్లో, ఆ రోళ్లకే తెలిసిన సంగతి అంతమంది చదువుకున్నవాళ్లకి తెలియలేదట. ఆ కాగితం చదివిన రోజు నేను లాబొరేటరీలో రెండు గాజు గొట్టాలు పగలగొట్టుకున్నాను.

విచారణ అయిన సాయంత్రం దేవదానం గారిని బస్సెక్కించడానికి వెళ్లాను. స్టాండు బయట టీ తాగుతూ, నన్ను క్షమించమని అడిగాను. క్షమించానని అనేస్తారని, ప్రార్థన నడిపే మనిషి కదా అని, నేను లోలోపల ఎదురుచూశాను.

"కోపం లేదంటే అబద్ధమవతాది పాపా" అన్నారు. "పేరు లేదని గాదు. ఆ మాట తీసేసినారని తెలిసి గూడా నువ్వు నా అరుగు మీద కూచోని నవ్వతా మాట్లాడినావే, అందుకు. ఇయ్యాల లేచి నిలబడినావు, మంచిదే. ఈ పని ఆ దినమే చేసుంటే ఆ బిడ్డ ఆసుపత్రిలో పడేది గాదు. రెండూ గుర్తుపెట్టుకో. ఒకటి గుర్తుపెట్టుకోని ఒకటి మరిచిపోబాక."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూచుని, వచ్చే ఆదివారం రమ్మన్నారు. మార్తమ్మ ఎదురుచూస్తుందన్నారు. నేను వెళ్లాను. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వెళ్లాను. ఆ సంగతి మేము మళ్లీ ఎత్తలేదు. ఆ చలికాలం మేమిద్దరమే రెండుసార్లు నడిచాం. కుడి భుజం మీద సంచి పట్టీ ఆనకుండా ఎడమవైపుకి మార్చుకుని నడిచేవారు.

కిరణ్ గారి క్లబ్బు కొన్నాళ్లు మూతబడి, వేరే పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు వాళ్లు గొడుగు గుడ్డ లాంటి పలచటి గుడ్డతో సంచులు కూడా కుట్టించి అమ్ముతున్నారు. కొలతలు నేను నోటుబుక్కులో రాసుకున్నవే. సౌజన్య కోలుకుంది, చదువు ఒక ఏడాది వెనకబడింది. మేమిద్దరం నడిచిన ఆ చలికాలం వెళ్లాక, దేవదానం గారు జ్వరమని పడుకుని నాలుగు రోజుల్లో పోయారు. సమాధుల తోటకి కాలనీ వాళ్లు, ఒడ్డు పల్లెల వాళ్లు, పట్టాల మీద ఆయనతో పనిచేసిన పాత గ్యాంగు వాళ్లు వచ్చారు. సౌజన్య వాళ్ల నాన్నతో వచ్చి, మార్తమ్మ గారి పక్కన సాయంత్రం దాకా కూచుంది. క్లబ్బు నుంచి ఎవరూ రాలేదు. మా అమ్మ వచ్చింది. ఆ ఇంట్లో వాళ్ల గ్లాసులోనే నీళ్లు అడిగి తాగింది. ఆలస్యంగా చేసే మంచి పనులకి ఎంత విలువుంటుందో నాకు తెలియదు. చేయకపోవడం కన్నా నయమని మాత్రం తెలుసు.

ఇప్పుడు నేనే నడకలు తీసుకెళుతున్నాను. క్లబ్బు కాదు, పేరు కూడా లేదు. ప్లాంటులో పనిచేసే ఆడవాళ్లు, కోవూరు నుంచి ఇద్దరు టీచర్లు, వాళ్ల స్నేహితులు. కార్తీకం నుంచి మాఘం దాకా మాత్రమే. ప్రతి నడకకీ ముందురోజు సెలవు పెట్టి ఒక్కదాన్నే వెళతాను. మా లాబొరేటరీలో నీళ్లలో ఉప్పు చూసే చిన్న మీటరు ఉంది, జేబులో పడుతుంది. తీసుకెళ్లను. మోకాళ్ల మీద కూచుని, చేతులతో తవ్వి, మొదటి నీళ్లు పారబోసి, తేరుకునేదాకా ఆగి, నోట్లో పెట్టుకుంటాను.

పోయిన మాఘంలో పదకొండు మంది బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నారు. సెలవులు పెట్టుకున్నారు, అటుకులు కట్టుకున్నారు. నేను ముందురోజు వెళ్లి తవ్వాను. రెండేళ్లుగా తియ్యగా తాగిన చోట నీళ్లు ఉప్పగా ఉన్నాయి. దూరంగా కొత్త రొయ్యల గుంట గట్టు మీద మోటారు నడుస్తోంది. ఉమ్మేసి, అక్కడే కూచుని, ఒక్కొక్కరికీ ఫోను చేసి నడక మానేస్తున్నామని చెప్పాను. టీచర్లలో ఒకామెకి కష్టమనిపించింది. ఎంతో ఆశపడ్డాం, సీసాల్లో ఎక్కువ నీళ్లు పట్టుకెళదాం, ఒక్క చెలమ ఉప్పగా ఉంటే మానుకోవాలని ఎవరు చెప్పారండీ అంది.

బిట్రగుంట దేవదానం గారు చెప్పారన్నాను.